‘టెన్షన్’ అనే ఒక్క మాట వెనుక

(ఎర్రమంజిల్‌లో జరిగిన గిరిజన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

   

మేము ఈ రోజు మాట్లాడబోయేది కౌన్సెలింగ్ గురించి. ఈ మాట వినగానే మీలో సగం మందికి ఎంసెట్ కౌన్సెలింగ్ గుర్తొచ్చి ఉంటుంది. ర్యాంకు కార్డు, కుల ధ్రువీకరణ పత్రం, వెబ్ ఆప్షన్లు. ఇది ఆ కౌన్సెలింగ్ కాదు. ఇక్కడ మీ ర్యాంకు ఎవరూ అడగరు. ఏ పత్రానికీ రెండు జిరాక్సులు తెమ్మనరు. ఒక మనిషి ఎదురుగా కూర్చుని, శిక్షణ ఉన్నవాళ్లు అడిగే ప్రశ్నలకు మన మాటల్లో జవాబు వెతుక్కోవడం, అంతే. మేము డాక్టర్లం కాదు. సంఘం తరఫున హాస్టళ్లకు వెళ్లి మీతో కూర్చుని మాట్లాడేవాళ్లం. అక్కడ విన్నదాని నుంచి ఈ నాలుగు మాటలు చెబుతున్నాం.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ, అటు ఎస్.ఆర్. నగర్ వీధుల్లో ఉన్న హాస్టళ్లలో మన పిల్లలను “ఎట్లున్నవ్ తమ్మీ?” అని అడిగితే మాకు రెండే జవాబులు వస్తాయి. బాగుంటే “మంచిగున్న అన్నా.” బాగా లేకపోతే “కొంచెం టెన్షన్ అన్నా.” అద్దె కట్టాల్సిన తారీఖు దగ్గర పడితే టెన్షన్. ఇంటర్వ్యూ ఉంటే టెన్షన్. పక్క మంచం వాడికి ఉద్యోగం వస్తే టెన్షన్. ఊళ్లో బాపు పత్తి చేను ఎండిపోతే టెన్షన్. రాత్రి రెండు గంటలకు గుండె దడదడలాడితే అదీ టెన్షనే.

ఇవన్నీ ఒకటి కావు. ఇంటర్వ్యూ ముందు వచ్చేది భయం. దానికి తయారీ కావాలి, రెండుసార్లు ఎవరి ముందైనా మాట్లాడి చూసుకోవాలి. చేను ఎండితే వచ్చేది దుఃఖం. దానికి తయారీతో పని లేదు, పక్కన మనుషులు కావాలి. పక్కవాడికి ఉద్యోగం వచ్చినప్పుడు కలిగేదాంట్లో అసూయ కొంత, సిగ్గు కొంత ఉంటాయి. ఆ సిగ్గు ఒక్కరితోనైనా నమ్మకంగా చెప్పుకుంటే తప్ప తగ్గదు. అన్నిటికీ ఒకే పేరు పెట్టుకున్నాం గనుక అన్నిటికీ ఒకే మందు వాడుతున్నాం. తెల్లారేదాకా ఫోను, మధ్యాహ్నం దాకా నిద్ర, శనివారం సీసా. కౌన్సెలింగ్‌లో మొదట జరిగే పని ఈ మూట విప్పడం. లోపల ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటిగా తీసి చూడడం.

ఆ మూట విప్పడానికి మన దగ్గర మాటలు లేవా అంటే, ఉన్నాయి. మన అమ్మలు “రంది పెట్టుకోకు” అంటారు. “మనాది పట్టుకుంది”, “గుబులుగుంది”, “యాష్టకొచ్చింది” అంటారు. రంది వేరు, యాష్ట వేరు. నగరానికి వచ్చాక ఆ మాటలు మోటు అనుకుని వదిలేసి, అన్నిటి చోట ఒక్క ఇంగ్లిషు మాట పెట్టుకున్నాం. ఆఫ్రికాలో జింబాబ్వే అనే దేశం ఉంది. అక్కడ షోనా భాషలో ‘కుఫుంగిసిస’ అంటారు, అతిగా ఆలోచించడం అని అర్థం. డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో హరారే నగరంలో అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెక్క బెంచీల మీద కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్లను ఆ అవ్వలు ‘డిప్రెషన్ ఉందా’ అని అడగరు, ఇంటి మాటతోనే మొదలుపెడతారు. ఆ పద్ధతిని శాస్త్రీయంగా పరీక్షించి 2016లో ఒక పెద్ద వైద్య పత్రికలో ఫలితాలు వేశారు. బెంచీ దగ్గరికి వెళ్లినవాళ్లలో ఆ లక్షణాలు బాగా తగ్గాయి. కాబట్టి కౌన్సెలర్ ముందు మీకు ఇంగ్లిషు రాకపోతే చిన్నతనం ఏమీ లేదు. రంది ఉంటే రంది అనే చెప్పండి. గోర్ బోలీలోనే ఆ మాట వస్తే ముందు అందులోనే అని, తర్వాత అర్థం చెప్పండి.

ఇప్పుడు అలవాట్ల సంగతి. ఒక్క ఉదాహరణ నిదానంగా చూద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఇక్కడున్న చాలామందిది. డిగ్రీ అయింది. జావా కోర్సు అయింది. ఏడాదిన్నర గడిచింది, ఉద్యోగం రాలేదు. శ్రావణంలో తీజ్ వచ్చింది. తండాలో ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు వేసి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తున్నారు. చెల్లెలు ఫోన్ చేసి “అన్నా, ఎప్పుడొస్తవ్?” అంటుంది. ఇతను “ఎగ్జామ్ ఉంది” అంటాడు. ఎగ్జామ్ లేదు. తండాలో దిగగానే “ఏం చేస్తున్నవ్ బిడ్డా?” అనే ప్రశ్న ఉంది. దాన్ని తప్పించుకున్నాడు.

ఆ ఫోన్ పెట్టేసిన నిమిషంలో అతనికి నిజంగానే హాయి అనిపిస్తుంది. తప్పించుకోవడంలో ఉన్న కిటుకు అదే. భయపెట్టేదాని నుంచి పక్కకు తప్పుకోగానే ఒంట్లో బిగుతు తగ్గుతుంది. మనసు దాన్ని గుర్తుపెట్టుకుని, మళ్లీ అలాంటి సందర్భం వస్తే అదే దారి చూపిస్తుంది. దీపావళికీ పోడు. పెళ్లికీ పోడు. మెల్లగా అమ్మ ఫోన్ ఎత్తడం మానేస్తాడు. ఆపైన ఇంటర్వ్యూ కాల్ వచ్చినా ఎత్తడు. మొదట ఒక్క ప్రశ్న కోసం కట్టుకున్న కంచె చివరికి అతన్నే గదిలో పెట్టి మూసేస్తుంది. బయటివాళ్లు బద్ధకం అంటారు. ఇది బద్ధకం కాదు. సిగ్గు నుంచి కాపాడుకోవడానికి నేర్చుకున్న ఒక ఉపాయం. మొదట్లో పనిచేసింది, ఇప్పుడు ఖరీదు ఎక్కువైంది.

ఇలాంటి తమ్ముడు కౌన్సెలర్ దగ్గరికి వెళితే “ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఆలోచించు” అని పంపించేయరు. అలా పంపించేస్తే ఆ కౌన్సెలర్ తన పని చేయనట్టే. ప్రశ్నలు అడుగుతారు. ఆ ఫోన్ మోగినప్పుడు ఒంట్లో ఎక్కడ ఏమైంది? ఆ క్షణంలో మనసులో ఏ వాక్యం మెదిలింది? “ఈడు పనికిరాడు” అన్న వాక్యం బాపు నిజంగా అన్నాడా, లేక అంటాడని నువ్వే అనుకున్నావా? ఫోన్ ఎత్తకపోతే ఆ రాత్రి ఎలా గడిచింది, మర్నాడు ఎలా గడిచింది? ఇలా నాలుగైదు వారాలు, వారానికి సుమారు ముప్పావు గంట నుంచి గంట. మధ్యలో చిన్న పనులు ఇస్తారు. ముందు చెల్లెలికి ఒక్కదానికే నిజం చెప్పి చూడు. తర్వాత అమ్మకు. తండాకు ఒక్క పూట వెళ్లి, ఆ ప్రశ్నకు “ఇంకా రాలేదు కాకా, వెతుకుతున్న” అని ఒక్క వాక్యంలో జవాబు చెప్పి చూడు. అనుకున్నంత అవమానం జరిగిందా లేదా వచ్చి చెప్పు. చాలాసార్లు జరగదు. ఒక్కోసారి జరుగుతుంది కూడా, ఎవరో ఒక మావ నలుగురిలో నవ్వుతాడు. అప్పుడు దాన్ని ఎలా మోయాలో మాట్లాడుకుంటారు. కౌన్సెలింగ్ ఉద్యోగం తెచ్చిపెట్టదు. కానీ ఇంటర్వ్యూ కాల్ వచ్చినప్పుడు ఫోన్ ఎత్తగలిగే మనిషిని తిరిగి నిలబెట్టగలదు.

చెల్లెళ్ల విషయంలో ఇది వేరే రూపంలో కనిపిస్తుంది. పెళ్లి మాట వచ్చిన ప్రతి వారం తలనొప్పి, కడుపులో నొప్పి. ముందు మామూలు డాక్టరుకే చూపించాలి, రక్తం తక్కువుందేమో పరీక్ష చేయించాలి. పరీక్షల్లో ఏమీ తేలకపోయినా ఆ నొప్పి నాటకం కాదు. నోటితో “ఇప్పుడే వద్దు” అనే వీలు లేని చోట ఒళ్లు ఆ మాట అంటుంది. ఇంటివాళ్లు దయచేసి ఇది గమనించాలి.

తాగుడు గురించి పెద్దల ముందు మాట్లాడటం కాస్త ఇబ్బందే, అయినా మాట్లాడతాం. తండాలో, గూడెంలో సారా దేవుడి ముందు పెట్టేది, నలుగురిలో పంచుకునేది. గదిలో తలుపేసుకుని ఒక్కడే నిద్ర కోసం తాగేది ఆ సంప్రదాయం కాదు. దానికి మన సంస్కృతి పేరు వాడుకోవద్దని మా మనవి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మన బాధ అంతా మనసులోనే పుట్టదు. క్లాసులో “కోటా సీటు” అని నవ్వితే, ఇంటిపేరు వినగానే అద్దెకు గది లేదంటే, వచ్చే కోపం జబ్బు కాదు. అది సరైన కోపం. దాన్ని ‘అడ్జస్ట్’ చేసుకోమని ఏ కౌన్సెలరైనా అంటే లేచి వచ్చేయండి, ఇంకొకరిని వెతుక్కోండి. మంచి కౌన్సెలర్ ఆ కోపం మిమ్మల్ని లోపల నుంచి కాల్చకుండా, ఫిర్యాదు రాసే చేతికి ఎలా చేరాలో చూస్తారు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చిన ఒక విద్యార్థిని మరణం మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని, ఎస్సీ, ఎస్టీ వంటి వర్గాల విద్యార్థులతో ఎలా మెలగాలో సిబ్బందికి నేర్పాలని అందులో ఉంది. కోచింగ్ సెంటర్లకూ అది వర్తిస్తుంది. మీ కాలేజీలో, మీ కోచింగ్ సెంటర్లో కౌన్సెలర్ ఎవరని అడగండి. ఒక్కరు అడిగితే చూద్దాంలే అంటారు, పదిమంది అడిగితే పేరు చెప్పక తప్పదు.

“మన తాతలకు ఈ కౌన్సెలింగ్‌లు ఉన్నాయా?” అని పెద్దలు మమ్మల్ని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పెళ్లినాడు లంబాడీ ఆడపిల్ల పాడే ఢావ్లో గుర్తుచేసుకోండి. పెద్దామెలు ఆ పిల్లకు ఏడవడం నేర్పుతారు. అమ్మను, అన్నను, స్నేహితురాళ్లను ఒక్కొక్కరినీ పట్టుకుని, ఎవరితో ఏ బంధమో పాటలో చెప్పుకుని ఏడుస్తుంది. దుఃఖానికి పేరు పెట్టి, పదిమందిలో బయటికి తీసే ఏర్పాటు అది. అయితే ఆ ఏర్పాటు పెళ్లి దుఃఖానికి ఉంది, ఉద్యోగం రాని దుఃఖానికి లేదు. మగపిల్లవాడికి ఏదీ లేదు. పంచాయితీలో నాయక్, కార్‌భారి కూర్చుంటే తగువు తేలుతుంది, కానీ అక్కడ తీర్పు ఉంటుంది. కౌన్సెలర్ గదిలో తీర్పు ఉండదు, జరిమానా ఉండదు. భగత్ దగ్గరికి వెళ్లేవాళ్లను మేము వద్దనం. అక్కడికి వెళ్లండి, ఇక్కడికీ రండి.

ఇక ఎక్కడికి పోవాలి అంటే, మనం కూర్చున్న ఈ చోటి నుంచే చెబుతాం. ఎర్రమంజిల్ స్టేషన్లో మియాపూర్ వైపు మెట్రో ఎక్కితే పంజాగుట్ట, అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, ఈఎస్ఐ ఆసుపత్రి, ఆ తర్వాత ఐదోది ఎర్రగడ్డ. అక్కడున్నది ప్రభుత్వ మానసిక చికిత్సాలయం. సినిమాల్లో ఆ పేరుతో ఎన్ని జోకులు వేశారో మీకు తెలుసు. ఆ జోకుల వల్ల ఎంతమంది గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగారో ఎవరూ లెక్కపెట్టలేదు. అంత దూరం పోలేకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు. మందులు అవసరమైతే రాసేది సైకియాట్రిస్ట్, అంటే వైద్యం చదివినవారు. సైకాలజిస్టు, కౌన్సెలర్ మాటలతో పనిచేస్తారు. ఎవరి దగ్గరికి వెళ్లినా ఏం చదివారో అడిగే హక్కు మీకుంది. మీరు చెప్పింది బయటికి చెప్పకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అంటుంది. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే మాత్రం చెప్పవలసి వస్తుంది. ఆ సంగతి కూడా ముందే అడిగి తెలుసుకోండి.

మన భాష, మన తండా తెలిసిన కౌన్సెలర్లు ఇంకా తక్కువే. ఈ ఎర్రమంజిల్ పేరే చూడండి. ఫక్రుల్ ముల్క్ నవాబు గుట్ట మీద మేడ కట్టి ‘ఇరమ్ మంజిల్’ అన్నాడు. ఇరమ్ అంటే పారశీకంలో స్వర్గం. తెలుగువాళ్ల నోట అది ‘ఎర్రమంజిల్’. మీరు “యాష్టకొచ్చింది” అంటే ఎదుటివాళ్లు అలసట అని మాత్రమే వినొచ్చు. ఒకసారి సరిదిద్దండి. రెండోసారీ వినకపోతే మనిషిని మార్చండి. ఇక్కడున్న పిల్లల్లో ఇద్దరు ముగ్గురైనా సైకాలజీ, సోషల్ వర్క్ చదవాలని మా ఆశ.

చివరగా ఒక కష్టమైన మాట. స్నేహితుడు “బతకాలని లేదు” అంటే నవ్వుతూ కొట్టిపారేయకండి. “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. 14416కు కలిపి ఫోన్ అతని చేతికివ్వండి. ప్రమాదం దగ్గరలో ఉందనిపిస్తే ఆసుపత్రికి తీసుకుపోండి. కేసవుతుందేమోనని ఆగకండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యత అని 2017 చట్టంలోనే ఉంది.

ఇప్పుడు మా వాళ్లు తెల్ల చీటీలు పంచుతున్నారు. పేరు రాయొద్దు, ఊరు రాయొద్దు. ‘టెన్షన్’ అన్న మాట వాడకుండా, మీ ప్రశ్న ఒక్కటి రాయండి. గోర్ బోలీలో రాయండి, కోయలో, గోండిలో రాయండి, తెలుగు అక్షరాలు చాలు. డబ్బా తలుపు దగ్గర ఉంది.