చీనా నగరములలో గుప్తవ్యాధి

నడుము స్థూలించుట, రక్తపుపోటు, రక్తమున చక్కెర, క్రొవ్వు హెచ్చుట, మంచి కొలెస్టరాలు తగ్గుట: ఈ యైదింట మూడు ఒక్క దేహమున గూడినచో వైద్యులు దానిని మెటబాలిక్ సిండ్రోమందురు. 2000-01లో చీనాదేశమున 35 మొదలు 74 ఏండ్లవారిని పరీక్షింపగా పురుషులలో నూటికి 9.8, స్త్రీలలో 17.8 పాళ్లు దీని వాతబడియుండిరి. పల్లెలకంటె పట్టణములందు హెచ్చు.

1959-61 కరవున కోటికి మించి జనులు మడిసిన దేశమది! నలువదియేండ్లకే తిండి పెరిగెను, దేహశ్రమ తరిగెను. 2007-08 పరీక్షలో మధుమేహము పట్టణములందు నూటికి 11.4, పల్లెలందు 8.2గా తేలెను. వారిలో సగముకంటె నెక్కువమందికి తమ రోగము తెలియనే తెలియదు.

ఆకలి తన్ను తాను తెలుపుకొనును. ఈ రోగము తెలుపదు. నడుము కొలుచుటకును పోటు చూచుటకును వ్యయమల్పము. ప్రజల యాకలి దీర్చుట రాజ్యధర్మమైనచో, ఈ గుప్తవ్యాధిని వెలికిదీయుటయు రాజ్యధర్మమే.