కేసులో ఇరుక్కున్న క్యాండిడేట్‌ని పార్టీ మొయ్యాలా?

ఈరోజు ఫ్రాన్స్ కథ.

2016 నవంబర్‌లో రిపబ్లికన్ల ప్రైమరీ గెలిచాడు ఫ్రాన్స్వా ఫియోన్. కాబోయే ప్రెసిడెంట్ ఇతనే అనుకున్నారు. 5 లక్షల ప్రభుత్వ ఉద్యోగాలు తగ్గిస్తానన్నాడు. 2017 జనవరిలో ఒక వారపత్రిక బాంబు పేల్చింది: ఆయన భార్యకి పార్లమెంట్ అసిస్టెంట్‌గా జీతం వెళ్ళింది, చేసిన పని మాత్రం కనబడట్లేదు!

తన మీద అధికారికంగా విచారణ మొదలైతే తప్పుకుంటానని టీవీలో చెప్పాడు. మార్చి 1న ఆ కబురు వచ్చింది. తప్పుకోలేదు. మార్చి 6న అలెన్ జుప్పే నేను పోటీకి రానన్నాడు. అదే రోజు పార్టీ ఫియోన్ వెనకే నిలబడింది.

పార్టీ వైపూ పాయింట్ ఉంది. 40 లక్షల మందికి పైగా ఓటేసిన ప్రైమరీ అది. కోర్టు తేల్చకముందే నలుగురు నాయకులు కూర్చుని ఆ తీర్పు మార్చేస్తే ఎలా?

కానీ నా లెక్క వేరు. నేరం తేల్చేది కోర్టు. మాట మీద నిలబడ్డాడా లేదా అన్నది పార్టీ చూసుకోవాలి. నేను జాబ్‌లో ఉన్నప్పుడు రోల్‌బ్యాక్ ప్లాన్ లేకుండా రిలీజ్‌కి వెళ్ళేవాళ్ళం కాదు. ఆ పార్టీ దగ్గర అదే లేదు.

ఏప్రిల్ 23న 20 శాతం ఓట్లు, మూడో స్థానం. 2020లో కోర్టు దోషి అంది.

మీ అభిమాన నాయకుడే అయితే ఏం చేస్తారు? నిజాయితీగా కామెంట్ చెయ్యండి.