చాందా కోటగోడ



ఈ సంవత్సరము మేము బాలబాలికలను వెంటబెట్టుకొని, ఘుగ్గుస్‌కు సుమారు 25 కి.మీ. దూరముననున్న చంద్రపురము చూచి వచ్చితిమి. పూర్వము చాందా అని పేరొందిన ఈ పట్టణము గోండు రాజుల రాజధాని. ఖాండక్యా బల్లాల్ షా దీనికి పునాది వేసెననియు, తరువాతి రాజులు ప్రాకారమును పూర్తిచేసిరనియు చెప్పుదురు. గోడ పొడవు సుమారు 11 కి.మీ. జట్‌పురా, అంచలేశ్వర్, పఠాన్‌పురా, బిన్‌బా అను నాలుగు మహాద్వారములును, ఖిడికీలని పిలువబడు ఐదు చిన్న ద్వారములును కలవు. ఏనుగును అణచుచున్న సింహము ఆ రాజుల చిహ్నము. 1751లో రాజ్యము నాగపురపు భోంస్లేల వశమైనది. 1818లో ఆంగ్లేయులు కోటను పట్టుకొనిరి. గోడ మాత్రము నేటికిని నిలిచియున్నది.

జట్‌పురా ద్వారముకడ ఒక బాలిక, "ఈ గోడ కట్టించిన రాజులది ఏ భాష?" అని యడిగినది. గోండీ యని చెప్పితిమి. అంతట ఒక బాలుడు, తన తండ్రితో గనిలో పనిచేయు గోండు మిత్రునివద్ద నేర్చిన అంకెలను చదివెను: "రండ్, ముండ్, నాలుంగ్." పిల్లలందరును నవ్విరి. రెండు, మూడు, నాలుగు! పరాయిదని తలచిన కోటలో మన భాషకు చుట్టము కనబడినది. రెండును ద్రావిడ కుటుంబపు భాషలే. 2011 జనగణనలో సుమారు 30 లక్షలమంది గోండీని మాతృభాషగా చెప్పుకొనిరి. అయినను, ఆ రాజధాని వీధులలో మాకు వినబడినవి మరాఠీ, హిందీ భాషలే. రాతిగోడ పట్టణమును కాచినదిగాని, భాషను కాచలేకపోయినది.

ఇట్టి ప్రాకారనగరమొకటి గ్రీసు దేశపు రోడ్స్ ద్వీపమున కలదు. 1309 మొదలు 1522 వరకు దానిని ఏలిన క్రైస్తవ యోధులు తమ సంఘమును భాషలనుబట్టి విభజించుకొనిరి. ఆ విభాగములకు 'నాలుక'లనియే పేరు. తుదకవి ఎనిమిది. ఒక్కొక్క నాలుకకు కోటగోడలో ఒక్కొక్క భాగము అప్పగింపబడెను. 1522లో తురుష్క సుల్తాను సులేమాను ముట్టడించినప్పుడు, ఆఱు నెలలపాటు ఎవరి భాగమును వారు కాచిరి. చివరకు నగరము చేజారినది.

తల్లిదండ్రులారా! 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించునట్లు రాష్ట్రములు ఏర్పాటు చేయుటకు ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. అది మనకు లభించిన ద్వారము. దానిగుండా నడువవలసినవారము మనమే. ఏటేట మా ఒకటవ తరగతిలో చేరు పిల్లలు తగ్గుచున్నారు. మరాఠీ నేర్వవలదని మేమనుట లేదు. అది మనకు అన్నము పెట్టుచున్న నేల భాష, చక్కగా నేర్వవలసినదే. కాని ఈ గోడలో మన భాగము తెలుగు. దానిని మన బదులు మఱియొకరు కాయరు.

నేటి రాత్రి భోజనమువేళ బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని, మీ యూరి కథ యొక్కటి తెలుగున చెప్పుడు. రేపు వాడు దానిని మా తరగతిలో చెప్పును. మేము వినుటకు సిద్ధముగానున్నాము.