నతీజాకూ సీటుకూ మధ్య మన యిల్లు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు "మాస్టర్ సాబ్, తాలీమ్ గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. చదువు గొప్పతనం గురించి యీ వేదిక మీద ప్రతి యేడూ ఎవరో ఒకరు చెబుతూనే వున్నారు. మీకు తెలియంది కాదు. అందుకని మేము ఆ మాట పక్కన పెట్టి, పరీక్ష రాసి వచ్చిన రోజు నుంచి కాలేజీ సీటు చేతికి వచ్చే రోజు దాకా మన యిళ్ళల్లో గడిచే ఆ మూడు నాలుగు నెలల గురించి చెప్పదలచుకున్నాం. చదువు గురించి సలహాలు చెప్పేవాళ్ళు చాలామంది వున్నారు గాని, యీ ఇంతజార్ గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

మా చిన్నతనంలో నతీజా అంటే పేపర్లో వచ్చేది. తెల్లవారుజామునే బస్టాండుకు పోయి, కట్ట విప్పీ విప్పకముందే పేపరు లాక్కుని, హాల్ టిక్కెట్ నెంబరు వెతుక్కునేవాళ్ళం. నెంబరు వుంటే పాసు, లేకపోతే లేదు. బాధైనా సంతోషమైనా ఒక్క పూటలో తేలిపోయేది. ఇప్పుడట్లా కాదు. ఇంటర్ ఫలితం ఒకటి, ఎంట్రన్సు ర్యాంకు ఒకటి, సర్టిఫికెట్ల పరిశీలన ఒకటి, ఆప్షన్లు ఒకటి, మొదటి విడత, రెండో విడత, ఆఖరి విడత. సెల్‌ఫోను మోగినప్పుడల్లా యింట్లో అందరూ ఉలిక్కిపడతారు.

మా యింటి సంగతే చెబుతాం. దాచుకోవలసిందేమీ లేదు. మా పెద్దమ్మాయి 2024లో నీట్ రాసింది. ఆ యేడు ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తుండే వుంటుంది. మే 5న పరీక్ష. జూన్ 4న ఫలితాలు. అంతలోనే పేపరు లీకైందని గొడవ, కోర్టులో కేసులు. సుమారు 24 లక్షల మంది పేరు నమోదు చేసుకున్న పరీక్ష మళ్ళీ పెడతారా పెట్టరా అని దేశమంతా ఎదురుచూసింది. జులై 23న సుప్రీంకోర్టు మళ్ళీ పరీక్ష అక్కర్లేదంది. ఫిజిక్సులో ఒక ప్రశ్నకు ఒకే జవాబు సరైనదని తేలడంతో మార్కులు మారి, జులై 26న సవరించిన ఫలితాలు వచ్చాయి. అఖిల భారత కోటా కౌన్సెలింగు మొదలైంది ఆగస్టు 14న. రాష్ట్రం కౌన్సెలింగు ఆ తర్వాత.

ఆ రోజుల్లో మేము చేసిన తప్పు ఒకటుంది. ఫలితం రాగానే మార్కులు చూసి, సీటు వచ్చినట్టే అనుకుని, స్కూల్లోనూ మసీదు దగ్గరా నలుగురికీ చెప్పేశాం. మార్కులు ఎంత బాగున్నా ఆ యేడు అందరికీ బాగా వచ్చాయన్న సంగతి మాకు తర్వాత తెలిసింది. ఇంక చూడండి, రోజుకు పదిమంది. "ఏమైంది సాబ్, డాక్టర్ బిటియాకి సీటొచ్చిందా?" అని. యింటికొస్తే ఖాలా ఫోను, ఫుఫ్ఫూ ఫోను. అమ్మాయి మెల్లమెల్లగా ముందు గదిలోకి రావడం మానేసింది. దస్తర్‌ఖాన్ దగ్గర అందరితో కూర్చోవడం మానేసింది. తలనొప్పి అనేది. మేము నమ్మాం.

ఒక రాత్రి మంచినీళ్ళకు లేస్తే ఆమె వంటగదిలో ఒక్కతే కూర్చుని వుంది. ఏం బేటీ అంటే, "అబ్బా, సీటు గురించి నాకంత భయం లేదు. రాకపోతే మీరు యింతమందికి ఏం చెప్పుకుంటారో అని భయంగా వుంది" అంది. యిరవై యేళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పిన వాళ్ళం మేము. ఆ మాటకు మాకు జవాబు దొరకలేదు.

మర్నాటి నుంచి ఒక పని చేశాం. ఎవరడిగినా "తెలిసినప్పుడు మేమే వచ్చి చెబుతాం, అప్పటిదాకా దుఆ చెయ్యండి" అన్నాం. ఫోనులో ఫలితాల గ్రూపులన్నీ తీసేశాం. రోజుకొక్కసారి, సాయంత్రం అస్ర్ తర్వాత, అమ్మాయీ మేమూ కలిసి అధికారిక వెబ్‌సైటు చూసేవాళ్ళం. మిగతా పొద్దంతా ఆ మాట యెత్తేది లేదు. వారం తిరక్కుండా ఆమె మళ్ళీ మాతో కూర్చుని అన్నం తిన్నది.

ఎం.బి.బి.ఎస్. సీటు ఆఖరి విడతలో గూడా రాలేదు. బైపీసీ వారికి ఎంసెట్ తరఫున, అంటే ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారే, దాని ద్వారా ఫార్మసీ సీట్లుంటాయి. ఆ కౌన్సెలింగు ఇంజనీరింగు వారి దానికన్నా ఆలస్యంగా జరుగుతుంది. ముందే పేరు నమోదు చేసి వుంచాం గనుక బి.ఫార్మసీలో చేరింది. డాక్టరు కాలేదే అన్న బాధ వుందా అంటే వుంది. గాని యిల్లు యిల్లుగానే వుంది. మేము చెప్పదలచుకున్నది యిదే.

ఇక పనికొచ్చే నాలుగు సంగతులు. తల్లిదండ్రులు కాస్త శ్రద్ధగా వినండి.

మొదటిది, ఆలస్యం ఎందుకవుతుందో తెలుసుకుంటే సగం భయం పోతుంది. మంచి ర్యాంకు వచ్చినవాళ్ళు ఐఐటీలకు, ఎన్ఐటీలకు వెళ్ళిపోతే వాళ్ళు పట్టుకున్న సీట్లు ఖాళీ అవుతాయి. అవి తర్వాతి విడతల్లో కింది ర్యాంకుల వారికి వస్తాయి. అంచేత మొదటి విడతలో రాలేదంటే పిల్లవాడు పనికిరాడని కాదు, వరుస ఇంకా కదలాలని. మొదటి విడతకే ఆశ వదులుకుని, ఏదో కాలేజీలో మేనేజ్‌మెంటు సీటుకు బంగారం కుదువపెట్టిన కుటుంబాలు మన పేటలోనే వున్నాయి.

రెండోది, వెబ్ ఆప్షన్లు. దీంట్లో మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటే. "మనకెక్కడొస్తుందిలే" అని యిష్టమైన కాలేజీని కింద పెట్టి, వచ్చేదాన్ని పైన పెడతారు. అది తప్పు. కంప్యూటరు ముందు ర్యాంకు చూస్తుంది. మీ పిల్లవాడి వంతు రాగానే వాడు రాసిన వరుసలో పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, ఖాళీ వున్న మొట్టమొదటి దాన్ని యిచ్చేస్తుంది. యిష్టమైన కాలేజీ పైన పెట్టినంత మాత్రాన కింది కాలేజీ పోదు. అది కింద పెడితే మాత్రం, వచ్చే సీటు గూడా చేజారుతుంది. పది ఆప్షన్లతో ఆపకండి. చేరడానికి యిష్టమున్న ప్రతి కాలేజీనీ రాయండి. చేరబోమన్నదాన్ని మాత్రం రాయకండి.

మూడోది, కాగితాలు. మా స్కూల్లో పదో తరగతి నామినల్ రోల్సు రాసేటప్పుడే మేము తల పట్టుకుంటాం. ఆధార్‌లో "షేక్" పేరుకు ముందుంటుంది, టెన్తు మెమోలో ఒక్క "ఎస్" వుంటుంది, తండ్రి పేరు రేషన్ కార్డులో ఒక రకం, బ్యాంకు పుస్తకంలో మరో రకం. కౌన్సెలింగు రోజున యిది తేలితే ఎవరేం చెయ్యగలరు? ఏప్రిల్‌లోనే సరిచేయించుకోండి. టీసీ, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, ఆదాయ సర్టిఫికెట్టు ఒక ఫైల్లో పెట్టి వుంచండి. ఇంకొక మాట. 2007 చట్టం ప్రకారం బీసీ-ఇ కింద మనకు 4 శాతం రిజర్వేషను వుంది. సుప్రీంకోర్టులో కేసు నడుస్తున్నా 2010 నాటి మధ్యంతర ఉత్తర్వుతో అది అమలవుతోంది. గాని ముస్లిములందరూ దాంట్లోకి రారు. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు అందులో లేవు. దూదేకుల వారిది బీసీ-బి. బీసీ-ఇలో లేని పేద కుటుంబాలు, 2019లో రాజ్యాంగ 103వ సవరణతో వచ్చిన 10 శాతం ఇ.డబ్ల్యు.ఎస్. కోటాకు అర్హత వుందేమో చూసుకోవాలి. యీ తేడా తెలీక తప్పు గడిలో టిక్కు పెట్టి బాధపడినవాళ్ళను మేము చూశాం.

నాలుగోది, రెండో దారి ముందే వెతికి పెట్టుకోవడం. రెండో దారి అంటే ఓటమి అని పిల్లల ముందు అనకండి. పాలిటెక్నిక్ వుంది, డిగ్రీ వుంది, బి.ఇడి. వుంది. ఉర్దూ మీడియం పిల్లలకు హైదరాబాదులో 1998లో పుట్టిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వుంది, కడపలో దాని పాలిటెక్నిక్ వుంది. కర్నూల్లో 2016లో వచ్చిన డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం వుంది. ఇంటర్లో ఒక సబ్జెక్టు తప్పినా అదే వేసవిలో సప్లిమెంటరీ రాసి, యేడాది పోకుండా కాపాడుకోవచ్చు. నీట్ గూడా 2018 నుంచి ఉర్దూలో రాయవచ్చు.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. సీటు ఆలస్యమయ్యే కొద్దీ యింట్లో ఇంకో మాట మొదలవుతుంది. "ఎలాగూ సీటు రాలేదు, మంచి రిష్తా వచ్చింది" అని. యిది తెలిసిన మీదట ఆ పిల్ల యేం మనసుతో ఎదురు చూస్తుంది? ఆమెకు ఒక్కొక్క విడత ఒక్కొక్క వాయిదా లాగా వుంటుంది. మా క్లాసులో మొదటి మార్కు వచ్చిన అమ్మాయి యిలాగే రెండో విడతకూ మూడో విడతకూ మధ్య నికాహ్ అయి వెళ్ళిపోయింది. మూడో విడతలో ఆమెకు సీటొచ్చింది. అలాట్‌మెంటు కాగితం తీసుకుని మేమే వాళ్ళ యింటికి వెళ్ళాం. వాళ్ళమ్మ దాన్ని మడిచి అల్మారాలో పెట్టింది. రిష్తాలు ఎప్పుడైనా వస్తాయి. దయచేసి కౌన్సెలింగు ముగిసేదాకా ఆ మాట యెత్తకండి.

ఒక బరువైన సంగతి చెప్పక తప్పదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలొచ్చినప్పుడు చాలా తప్పులు దొర్లాయి. ఒక అమ్మాయికి తెలుగులో 99 మార్కులొస్తే సున్నా అని పడింది. ఫెయిలైన వారందరి పేపర్లూ ఉచితంగా మళ్ళీ పరిశీలించమని ప్రభుత్వం ఆదేశించింది. గాని ఆలోపే ఎందరో పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. కాగితం మీది అంకె దిద్దుకోవచ్చు. పిల్లవాణ్ణి తిరిగి తెచ్చుకోలేం. అందుకని చెబుతున్నాం. పిల్లలు తిండి మానేసినా, నిద్ర మానేసినా, "నేను లేకపోతే మీకు బాగుంటుంది" లాంటి మాటన్నా తేలిగ్గా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి. పక్కన కూర్చోండి, అడగండి, వినండి. 14416 అని టెలి మానస్ నెంబరుంది, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళడంలో సిగ్గేమీ లేదు. జ్వరమొస్తే వెళ్ళమా?

ఇక మన సంఘానికి మా మనవి. ప్రతి యేడూ మొదటి ర్యాంకుల వారికి శాలువా కప్పుతున్నాం, మంచిదే. దాంతోపాటు మే నెల నుంచి ఆగస్టు దాకా సంఘం ఆఫీసులో ఒక కంప్యూటరు, ఫారాలు నింపడం తెలిసిన ఇద్దరు కుర్రాళ్ళు వుంటే చాలు. ఇంటర్నెట్ సెంటర్లో ఎవరో తొందర తొందరగా నొక్కేసిన ఆప్షన్లతో పోయిన సీట్లు మిగులుతాయి. రిజిస్ట్రేషన్ ఫీజుకు, మొదటి విడత ఫీజుకు కష్టపడే కుటుంబాలకు చేబదులుగా యివ్వడానికి చిన్న నిధి వుంటే, బ్రోకర్ల చేతిలో పడేవాళ్ళు తగ్గుతారు.

చివరగా అందరికీ ఒక చిన్న విన్నపం. పెళ్ళిలోనో ఈద్‌లోనో పరీక్ష రాసిన పిల్లలు కనిపిస్తే "సీటొచ్చిందా?" అని అడగకండి. "ఖైరియత్ హైనా? అన్నం తిన్నావా?" అని అడగండి. సీటు సంగతి వాళ్ళే చెబుతారు.

సబ్ర్ అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. చెయ్యవలసిన పని చేసి, కాగితాలు సరిచూసుకుని, ఆప్షన్లు పెట్టుకుని, ఆ తర్వాత పిల్లల ముఖం చూసి నవ్వగలగడం. యిది మేము యాభయ్యేళ్ళకు దగ్గరపడుతున్న వయసులో, మా అమ్మాయి దగ్గర నేర్చుకున్నాం. మీరు యింత ఆలస్యం చెయ్యకండి.