అందరూ ఒకటే అనకండి



మీలా పట్టాలు అందుకుంటున్న వాళ్ల దగ్గర తరచూ వింటున్నాను: "ఎవరు గెలిస్తే ఏముంది సార్, అంతా ఒకే తానులో ముక్కలు." ఓటుకు నోట్లు పంచడం చూశారు, రాత్రికి రాత్రి కండువాలు మార్చడం చూశారు. మీ కోపం న్యాయమైనదే. కానీ అందరూ దొంగలే అని తేల్చేస్తే అసలు దొంగకు అంతకన్నా ఏం కావాలి? నిజాయితీపరుణ్ణి కూడా తెచ్చి అతని పక్కనే నిలబెట్టినట్టయింది.

అభ్యర్థి మీద ఏ క్రిమినల్ కేసులున్నాయో, ఆస్తులెంతో ఇప్పుడు అఫిడవిట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఇది పాలకులు దయతలచి ఇచ్చింది కాదు. 1999లో అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యులు కొందరు ఈ వివరాలు ఓటర్లకు తెలియాలని ఢిల్లీ హైకోర్టుకెక్కారు. పాఠాలు చెప్పుకునే మనుషులు! 2002లో సుప్రీంకోర్టు వాళ్ల వైపు తీర్పిచ్చింది. అప్పుడు రోజూ తిట్టుకునే పార్టీలే కలిసిపోయి, చట్టం మార్చి, ఆ తీర్పుకు గండి కొట్టాయి. "అంతా ఒకటే" అన్నది అక్షరాలా నిజమైన సందర్భమది. అయినా వాళ్లు ఇంటికి పోలేదు. మళ్లీ కోర్టుకు వెళ్లారు. మన హైదరాబాద్ నుంచి లోక్‌సత్తా సంస్థ కూడా వెళ్లింది. 2003 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టేసింది.

ఒక్క ఓటుతో ఏమవుతుందని అడుగుతారు. 18 ఏళ్ల వాళ్లు మొదటిసారి ఓటేసిన లోక్‌సభ ఎన్నికలు 1989లో జరిగాయి. ఆ ఏడాది అనకాపల్లిలో కొణతాల రామకృష్ణ గెలిచింది 9 ఓట్లతో. ఇక్కడ మీ ఒక్క వరుసలో అంతకన్నా ఎక్కువమంది కూర్చున్నారు. 2024లో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగంమంది కూడా ఓటు వేయలేదు. అదే రోజు ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన పోలింగ్ కోసం అక్కడి సొంతూళ్లకు బయల్దేరినవాళ్లతో విజయవాడ హైవే కిక్కిరిసిపోయింది. బస్సుల్లో నిలబడి వెళ్లిన ఆ మనుషులంటే నాకు గౌరవం.

రేపు మీరు బెంగళూరో పుణేయో వెళ్తారు. అక్కడ స్థిరపడితే ఫారం 8 నింపి ఓటు మార్చుకోండి. ఓటేసే ముందు పోటీలో ఉన్నవాళ్ల అఫిడవిట్‌లు చదవండి. గెలిచింది కార్పొరేటరైనా ఎమ్మెల్యే అయినా, ఏడాది తిరిగాక వెళ్లి, చేస్తానన్న పని ఎంతదాకా వచ్చిందని అడగండి. మీరు ఓటేసింది ఓడినవాళ్లకైనా సరే, వెళ్లి అడగండి.