సెల్‌ఫోనులో ఉచిత సందేశములు: పంచాయతీ ఏ యాప్‌ను ఎంచుకొనవలెను?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

కుళాయి నీరు రేపు ఏ వేళకు వచ్చునో, గ్రామసభ ఎన్నడో, పశువులకు టీకాలు ఎచ్చట వేయుదురో పది నిమిషములలో తెలుపగల సాధనము నేడు మీ చేతిలోనే ఉన్నది. అయితే ఏ యాప్ మంచిదని మేము పోయిన గ్రామములలో అడుగుచున్నారు. అందును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదము.

ముందుగా 'ఉచితము' అను మాటను గ్రహింపవలెను. యాప్‌నకు వెల లేదు. కాని అది ఇంటర్నెట్‌పై నడచును గనుక రీఛార్జిలోని డేటా ఖర్చగును. వ్రాసిన సందేశమునకు స్వల్పము, మాటకు ఎక్కువ, ముఖములు చూచుచు మాటలాడిన మిక్కిలి ఎక్కువ.

ఇక ఎంపిక. 2009లో పుట్టిన వాట్సాప్ మన గ్రామములలో చాలమంది ఫోనులలో ఇదివరకే ఉన్నది. 2016 నుండి ఇందలి సందేశములు తాళము వేసిన పెట్టెవలె పోవుచున్నవి. పంపినవారు, అందుకొన్నవారు తప్ప నడుమ ఎవ్వరును చదువజాలరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 జనవరిలో ప్రారంభించిన 'మన మిత్ర' సేవలును దీనిపైననే లభించుచున్నవి. సిగ్నల్‌ను లాభాపేక్ష లేని సంస్థ నడుపుచున్నది. గోప్యతకు అది పేరుపొందినది. టెలిగ్రామ్ గుంపులో 2 లక్షల మంది వరకు చేరవచ్చును. కాని 'రహస్య సంభాషణ'ను ప్రత్యేకముగా తెరచిననే తప్ప పైన చెప్పిన తాళము పడదు. 2021లో వచ్చిన అరట్టై మన దేశపు జోహో సంస్థ తయారుచేసినది.

ఎంత మంచి యాప్ అయినను ఎదుటివారి ఫోనులో లేనిచో ప్రయోజనము లేదు. కావున వార్డులవారీగా విచారించి, ఎక్కువ ఇండ్లలో ఉన్నదానినే ఎంచుకొనుట మేలని మా అభిప్రాయము. గుంపులో సర్పంచి, కార్యదర్శి మాత్రమే ప్రకటించునట్లు అమర్చుకొనుడు. లేనిచో శుభోదయపు బొమ్మల నడుమ టీకాల కబురు మునిగిపోవును.

కొన్ని జాగ్రత్తలు. యాప్‌ను ప్లే స్టోర్ నుండియే తీసికొనుడు. ప్రభుత్వ పథకముల పేర సందేశములలో వచ్చు ఏపీకే ఫైళ్లను తెరువవలదు. ఫోనునకు వచ్చిన ఆరంకెల ఓటీపీని ఎవ్వరికిని చెప్పవలదు. సొమ్ము పోయినచో తత్‌క్షణమే 1930కి ఫోను చేయుడు. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతులు ఇట్టి సందేశముల ద్వారా ప్రాకి, దేశమున పలుచోట్ల నిరపరాధుల ప్రాణములు తీసినవి. విచారింపక ఏ వార్తను ఇతరులకు పంపరాదు.

108కి, 112కి ఈ యాప్‌లతో పిలుపు పోదు. మామూలు ఫోను కాలే చేయవలెను. గాలివానకు ఇంటర్నెట్ నిలిచిననాడు గుంపు మూగవోవును. మీటల ఫోను గల అవ్వకు, ఫోనే లేని కూలికి ఆ గుంపులో ఏనాడును చోటు లేదు. పింఛను కబురు తెలియవలసినది వారికే గదా! కనుక దండోరాను, నోటీసు బోర్డును మానరాదు. ఊరి కడపటి ఇంటికి సయితము కబురు చేరిననాడే మీ ఎంపిక సఫలమగును.