సొరంగానికి మిగిలిన పేరు



అమెరికాలో సియాటెల్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటున్న మన గిరిజన కుటుంబాల తరఫున నాలుగు మాటలు చెప్పమన్నారు. మేం పిల్లలతో కలిసి నడిచిన ఒక పాత రైలు సొరంగం గురించి చెబుతాం. మన సభలో రైలు సొరంగం మాటేమిటని అనుకోకండి. విషయం మన దగ్గరికే వస్తుంది.

సియాటెల్ నుంచి తూర్పుకు గంట ప్రయాణం చేస్తే కాస్కేడ్ కొండల్లో స్నోక్వాల్మీ కనుమ వస్తుంది. మిల్వాకీ రోడ్ అనే రైల్వే కంపెనీ 1912 నుంచి 1914 వరకు దాని కింద కొండను తొలిచింది. సొరంగం పొడవు సుమారు 3.6 కిలోమీటర్లు. 1915 నుంచి అందులో రైళ్లు నడిచాయి. కంపెనీ దివాలా తీసి, 1980లో ఆ లైను మూతపడింది. పట్టాలు తీసేశారు. ఇప్పుడది నడిచేవాళ్లకు, సైకిళ్లకు దారి. లోపల దీపాలుండవు. ఎవరి టార్చిలైటు వాళ్లదే. మండు వేసవిలోనూ చలేస్తుంది, పైనుంచి నీటి చుక్కలు పడుతుంటాయి. చలికాలంలో లోపల మంచు పేరుకుంటుంది కాబట్టి నవంబరు నుంచి ఏప్రిల్ వరకు తలుపులు మూసేస్తారు.

ఆ దారికి 2018 వరకు కౌబాయ్ సినిమాల హీరో జాన్ వేన్ పేరు ఉండేది. మరి స్నోక్వాల్మీ ఎవరు?

అది ఒక ఆదివాసీ తెగ పేరు. తమను తాము చంద్రుని ప్రజలమని చెప్పుకుంటారు. రైలు రాకముందే ఆ కొండల మీదుగా ఆదివాసీల కాలిబాటలు ఉన్నాయి. 1855లో ప్రభుత్వంతో జరిగిన ఒప్పందం వల్ల భూములు పోయాయి. తమకంటూ ప్రత్యేక రిజర్వేషన్ భూమి దక్కలేదు. 1953లో కేంద్ర ప్రభుత్వ గుర్తింపు కూడా పోయింది. తిరిగి 1999లో వచ్చింది. మధ్యలో 46 ఏళ్లు. అన్నేళ్లూ కనుమకు వాళ్ల పేరే, నదికి వాళ్ల పేరే, జలపాతానికి, సొరంగానికి వాళ్ల పేరే. సర్కారు జాబితాలో మాత్రం వాళ్లు లేరు!

గుర్తింపు ఊరికే తిరిగి రాలేదు. తాము చెదిరిపోలేదని, ఒక సమాజంగా బతుకుతూనే ఉన్నామని ఆధారాలతో రుజువు చేయాల్సి వచ్చింది. 2019లో తమకు పవిత్రమైన స్నోక్వాల్మీ జలపాతం పక్కనున్న హోటలును, చుట్టుపక్కల భూమిని ఆ తెగవాళ్లే కొనుక్కున్నారు.

ఇక మన సంగతి. అరకు వెళ్లే కొత్తవలస–కిరండూల్ లైనులో 50కి పైగా సొరంగాలున్నాయి. 1960లలో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేసిన లైను అది. ఇప్పుడు పర్యాటకులు అద్దాల పెట్టెలో కూర్చుని, చీకటి పడగానే కేకలేస్తూ ఆ సొరంగాలు దాటుతారు. ఆ కొండ పేరేమిటి, ఆ పేరు ఎందుకొచ్చింది, దాని మీదుగా సంతకు వెళ్లే బాట ఏది? ఇవి మన తాతలకు, అవ్వలకు తెలుసు. వాళ్లతోనే పోతే రేపు ఎవరినడుగుతాం?

పేరు బోర్డు మీద ఉన్నంత మాత్రాన మనుషులు ఉన్నట్టు కాదని ఆ సొరంగం మాకు నేర్పింది. అందుకే ఒక విన్నపం. ఈ ఏడాది ప్రతి కుటుంబం తమ ఊరి గుట్టలు, వాగులు, పాత బాటల పేర్లు, వాటి కథలు పెద్దల గొంతుతో, మన భాషలోనే ఫోనులో రికార్డు చేయాలి. సవర కావచ్చు, కువి కావచ్చు, గోండి కావచ్చు, లంబాడీ కావచ్చు. ఎవరు, ఏ ఊరు, ఏ తేదీ అన్నది తప్పకుండా రాసి పెట్టండి. వాటిని విని అక్షరాల్లో పెట్టే పని ఇక్కడున్న మేం తీసుకుంటాం. మా పిల్లలకు కూడా భాష నేర్చుకోవడానికి అంతకంటే మంచి పాఠం దొరకదు.

మన ఉనికిని ఎవరైనా కాగితం అడిగిన రోజున, చూపించడానికి మన దగ్గర మన మాట ఉండాలి.

జై ఆదివాసీ!